నల్ల జుట్టుకు బ్లీచ్, రంగు: ఇంట్లో ఎంతవరకు చేసుకోవచ్చు, స్టైలిస్ట్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి

"అక్కా, ఇంట్లోనే బ్లీచ్ చేసుకోవచ్చా, పార్లర్‌కే వెళ్లాలా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అబ్బాయిలూ అడుగుతున్నారు. అందరికీ ఒకేచోట చెప్పేస్తాను.

మీది ఇప్పటిదాకా ఏ రంగూ పడని నల్ల జుట్టయితే చివర్లకో, నాలుగైదు పాయలకో ఇంట్లో చేసుకోవచ్చు. కుదుళ్ల నుంచి తలంతా చేయాలంటే స్టైలిస్ట్ దగ్గరికి వెళ్లండి. నల్ల డై, ప్యాకెట్ హెన్నా, స్మూతెనింగ్, రీబాండింగ్ ఇలాంటివేవైనా పడిన జుట్టయితే ఇంట్లో ఒక్క పాయ కూడా ముట్టుకోవద్దు. ఏ రంగు కావాలని అందరూ ఆలోచిస్తారు గానీ, ఆ జుట్టు మీద ఇంతకుముందు ఏం పడిందన్నది ఎవరూ గుర్తు చేసుకోరు. పాడయ్యేది అక్కడే.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నడుం దాకా జుట్టున్నవాళ్లకు చివర్లు ఐదారేళ్ల నాటివన్నమాట. ఇంటర్లో ఉండగా పెట్టుకున్న హెన్నా ఇంకా అక్కడే ఉంటుంది. "ఈమధ్య ఏమీ పెట్టలేదు" అంటే సరిపోదు.

ముందు ఇది తేల్చుకోండి: మీకు బ్లీచ్ అవసరమేనా?

చాలామందికి అవసరం ఉండదు. రంగు పడని నల్ల జుట్టును మామూలు పర్మనెంట్ కలర్ ఒకటి రెండు మెట్లు, ఒక్కోసారి మూడు మెట్లు లేత చేయగలదు. బర్గండీ, ముదురు బ్రౌన్ దాంతోనే వస్తాయి. అయితే డబ్బా మీద ఫోటోలో ఉన్నంత రావు. నీడలో నల్లగానే కనిపించి, ఎండలోకి వెళ్తే మెరుస్తాయి. ఆఫీసుకి వెళ్లేవాళ్లకు అదే నయం కూడా. నెరిసిన వెంట్రుకలు కప్పడానికైతే బ్లీచ్ ఊసే వద్దు.

కేరమెల్, కాపర్, బ్లాండ్, యాష్ (బూడిద ఛాయ), నీలం, గులాబీ లాంటివి కావాలంటే బ్లీచ్ తప్పదు. ఇంకో సంగతి: రంగు మీద రంగు వేస్తే జుట్టు లేతబడదు. నల్ల డై ఉన్న జుట్టుకు బ్రౌన్ డబ్బా తెచ్చి వేస్తే కొత్తగా పెరిగిన కుదుళ్లు మాత్రం బ్రౌన్ అవుతాయి, కిందంతా నల్లగానే మిగిలిపోతుంది.

రంగు డబ్బాల మీద 5.3, 6.1 లాంటి అంకెలుంటాయి. చుక్కకు ముందున్నది రంగు ఎంత ముదురో చెబుతుంది, పైన చెప్పిన మెట్లు ఇవే. 1 అంటే నలుపు, 10 అంటే బాగా లేత బ్లాండ్. మనలో చాలామందిది 1 నుంచి 3 మధ్య. చుక్క తర్వాతి అంకె ఛాయను చెబుతుంది, ఎక్కువ కంపెనీల్లో .1 అంటే యాష్. మిగతా అంకెలు కంపెనీని బట్టి మారతాయి, డబ్బా వెనక చూసుకోండి.

ఇంట్లో వద్దే వద్దు, ఎవరికంటే

- నల్ల డై వాడేవాళ్లు. పాత రంగు పొరలు పొరలుగా ఉంటుంది. బ్లీచ్ వేస్తే చారలు చారలుగా తేలుతుంది.
- నల్ల హెన్నా, ఇండిగో పెట్టుకునేవాళ్లు. ఇండిగో మీద బ్లీచ్ పడితే ఆకుపచ్చ ఛాయ రావచ్చు. కొన్ని ప్యాకెట్లలో లోహపు లవణాలుంటాయి. అవి డెవలపర్ (బ్లీచ్ పౌడర్‌లో, రంగులో కలిపే పెరాక్సైడ్ ద్రవం) తగిలితే వేడెక్కి జుట్టును తెంపేస్తాయి. ఇంట్లో రుబ్బిన గోరింటాకుకు ఆ ప్రమాదం లేదు గానీ, దాని నారింజ రంగు ఒక పట్టాన వదలదు.
- స్మూతెనింగ్, రీబాండింగ్ చేయించుకున్నవాళ్లు. ఆ జుట్టు అప్పటికే ఒకసారి రసాయనం దెబ్బ తింది. బ్లీచ్ పడితే తడిమీదే తెగి చేతిలోకి వస్తుంది.
- ఆస్తమా ఉన్నవాళ్లు. బ్లీచ్ పౌడర్‌లో ఉండే పర్‌సల్ఫేట్లు ఆయాసం తెప్పిస్తాయి. ఇంట్లో ఎవరికి ఉన్నా ఆలోచించండి.
- మాడు మీద పుండ్లు, దురద, సోరియాసిస్ ఉన్నవాళ్లు. గర్భిణులు ముందు డాక్టర్‌ని అడగాలి.
- పదహారేళ్లలోపు పిల్లలు. యూరప్‌లో రంగు డబ్బాల మీద ఈ మాట రాయడం తప్పనిసరి.
- పెళ్లికి వారం ముందు మొదటిసారి ప్రయత్నించేవాళ్లు. కనీసం నెల ముందు చేసుకుంటే, బాగా రాకపోతే సరిదిద్దే టైముంటుంది.

ఎలాగూ వచ్చే వారం కొండకెళ్లి తలనీలాలు ఇచ్చేవాళ్లకు మాత్రం పొడవు మీద పూర్తి స్వేచ్ఛ ఉంది. మాడుకు తగలకుండా చూసుకుంటే చాలు.

కావలసినవి

భుజాల దాకా జుట్టుండి, చివర్లకు మాత్రమే చేసేవాళ్లకు ఈ కొలతలు. జుట్టు ఒత్తుగా ఉంటే రెట్టింపు తెచ్చుకోండి. సగంలో అయిపోతే మళ్లీ కలిపి వేసేలోపు మొదటి సగం మరీ లేతబడిపోతుంది.

- జుట్టుకు వాడే బ్లీచ్ పౌడర్ 50 గ్రాములు. లూజు ప్యాకెట్ వద్దు. పేరు, తేదీ, సూచనలు ఉన్న సీల్డ్ ప్యాకే కొనండి.
- డెవలపర్ 20 వాల్యూమ్ (6 శాతం పెరాక్సైడ్), 100 మి.లీ. దుకాణంలో "తొందరగా అవుతుంది" అని 40 వాల్యూమ్ అంటగడతారు. అది 12 శాతం. ఇంట్లో దాని జోలికి వెళ్లకండి.
- టోనర్ (బ్లీచ్ తర్వాత మిగిలే పసుపు, నారింజ తగ్గించే రంగు) లేదా డెమీ-పర్మనెంట్ (కొన్ని వారాల్లో వెలిసే) యాష్ రంగు, దానితో వాడే 10 వాల్యూమ్ డెవలపర్
- ప్లాస్టిక్ లేదా గాజు గిన్నె, రంగు బ్రష్, తోక దువ్వెన, క్లిప్పులు. స్టీలు గిన్నె, స్టీలు చెంచా వాడొద్దు. లోహం తగిలితే పెరాక్సైడ్ గిన్నెలోనే చెడిపోవచ్చు.
- గ్లౌజులు రెండు జతలు, వేజలైన్, పారేసినా ఫర్వాలేదనుకునే టవల్, ఫోన్‌లో టైమర్
- కిచెన్ స్కేల్ ఉంటే మంచిది
- వెనక్కి చూసి చెప్పే మనిషి. ఇది అన్నిటికంటే అవసరం. అద్దంలో మీ వెనక జుట్టు మీకు కనపడదు.

ముఖానికి వాడే క్రీమ్ బ్లీచ్ తలకు పనికిరాదు. సన్నటి నూగు కోసం చేసిన సరుకది. నల్ల జుట్టు మీద పెడితే అక్కడక్కడా ఎర్రబడి ఊరుకుంటుంది.

రెండు రోజుల ముందు: రెండు పరీక్షలు

దాదాపు ఎవరూ చేయరు ఇవి. గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

*చర్మానికి.* వాడబోయే రంగును డబ్బా మీద చెప్పినట్టు కొద్దిగా తీసుకుని చెవి వెనకో, మోచేతి మడతలోనో రాయండి. 48 గంటలు చూడండి. దురద, మంట, దద్దుర్లు, వాపు వస్తే ఆ రంగు మీకు పడదు. చాలా రంగుల్లో ఉండే పీపీడీ అనే పదార్థం దీనికి ముఖ్య కారణం. నిరుడు పడింది కదా అనుకోవద్దు, ఈ అలర్జీ ఎప్పుడైనా మొదలవ్వచ్చు. ఎప్పుడో నల్ల మెహందీతో చేతికి బొబ్బలొచ్చినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. "అమ్మోనియా ఫ్రీ", "హెర్బల్" అని రాసినవాటిలోనూ పీపీడీ ఉండొచ్చు, వెనక చిన్న అక్షరాలు చదవండి.

*జుట్టుకు.* లోపలి వైపు నుంచి సన్నటి పాయ కత్తిరించి దారంతో కట్టండి. చెంచాడు పౌడర్, రెండు చెంచాల డెవలపర్ గాజు గ్లాసులో కలిపి దానికి పట్టించండి. అయిదు నిమిషాలకోసారి చూడండి. గ్లాసు వేడెక్కినా, పొంగినా, పాయ ఆకుపచ్చగా మారినా అక్కడితో ఆపేయండి. ఆ జుట్టులో లోహపు లవణాలో, ఇండిగోనో ఉన్నట్టే. అలాంటిదేమీ లేకపోతే కావలసిన రంగు ఎన్ని నిమిషాలకు వచ్చిందో రాసుకోండి. పాయ కడిగి, తడిగా ఉండగానే రెండు వేళ్లతో లాగండి. కొంచెం సాగి వెనక్కి రావాలి. సాగి అలాగే ఉండిపోయినా, తెగినా మీ జుట్టు దీన్ని తట్టుకోదు.

బోరు నీళ్ల ఇళ్లవాళ్లకు ఒక మాట. కుళాయి మీద తెల్లటి పొర కట్టే నీళ్లయితే అదే మీ జుట్టు మీదా ఉంటుంది, బ్లీచ్ సమానంగా ఎక్కనివ్వదు. రెండు మూడు రోజుల ముందు క్లారిఫైయింగ్ షాంపూతో (పేరుకున్న పొరలు కడిగేసేది) ఒకసారి తలస్నానం చేయండి. ఆ తర్వాత బ్లీచ్ రోజు దాకా మళ్లీ షాంపూ వద్దు, మాడు మీద సహజంగా ఊరే నూనె కాపాడుతుంది. నూనె కారేలా పెట్టుకుని కూర్చోవడం కూడా వద్దు.

చేసే పద్ధతి (చివర్లకు)

1. కిటికీ తెరవండి, ఫ్యాన్ ఆపండి. బ్లీచ్ తడిగా ఉన్నంతసేపే పనిచేస్తుంది, ఫ్యాన్ గాలికి ఎండితే ఆగిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం పెట్టుకోకండి, వేడికి లెక్క తప్పుతుంది.

2. పొడి జుట్టును చిక్కు లేకుండా దువ్వండి. మెడకు, చెవులకు వేజలైన్ రాయండి. జుట్టును నాలుగు భాగాలుగా చేసి క్లిప్పులు పెట్టండి.

3. గ్లౌజులు వేసుకుని పౌడర్ ఒక వంతు, డెవలపర్ రెండు వంతులు కలపండి. మీ ప్యాక్ మీద వేరే కొలత ఉంటే అదే పాటించండి. గడ్డ పెరుగు చిక్కదనం రావాలి. జారితే అక్కర్లేని చోట మరకలు పడతాయి. నీళ్లు మాత్రం కలపకండి.

4. వెనక భాగంతో మొదలుపెట్టండి. అర అంగుళం మందం పాయలు తీసుకోండి. ఎక్కడి నుంచి రంగు కావాలో అక్కడ బ్రష్‌ను నిలువుగా పట్టుకుని, పైకీ కిందికీ ఎగుడుదిగుడుగా పట్టించండి. అడ్డంగా గీత గీసినట్టు వేస్తే తర్వాత ఆ గీతే కనపడుతుంది. చివర్లకు దట్టంగా, పైకి వెళ్లేకొద్దీ పలచగా పెట్టండి. చెవుల కంటే పైకి వెళ్లొద్దు.

5. పాయ వెనక్కి తిప్పి చూడండి. నల్లగా మిగిలినచోట మళ్లీ పట్టించండి. మన జుట్టు ఒత్తు, పైపైన పూస్తే లోపలికి దిగదు.

6. మొదటి పాయ వేసినప్పుడే టైమర్ పెట్టండి, ఆఖరి పాయ అప్పుడు కాదు. మొత్తం వేయడం ఇరవై నిమిషాల్లో ముగించాలి. అంతకంటే పడుతుందనుకుంటే మిశ్రమం రెండు విడతలుగా కలుపుకోండి.

7. అయిదు నిమిషాలకోసారి ఒక పాయ తుడిచి కిటికీ వెలుగులో చూడండి. ముదురు ఎరుపు, ఎరుపు, నారింజ, బంగారు పసుపు, లేత పసుపు, ఇదే వరస. నారింజకు వచ్చి ఆగినట్టనిపిస్తుంది. అక్కడే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. కేరమెల్, కాపర్ కావాలనుకున్నవాళ్లకు నారింజ చాలు, కడిగేయండి.

8. ప్యాక్ మీద రాసిన గరిష్ఠ సమయం దాటకూడదు, రంగు వచ్చినా రాకపోయినా. సాధారణంగా 45 నుంచి 50 నిమిషాలు ఉంటుంది. హెయిర్ డ్రైయర్ పెట్టడం, ఎండలో కూర్చోవడం చేయకండి. మాడుకు మంట తగిలినా, జుట్టు తాకితే వేడిగా ఉన్నా, సాగుతున్నా వెంటనే కడగండి.

9. గోరువెచ్చని నీళ్లతో జారుడు పోయేదాకా కడగండి. కొద్దిగా షాంపూ, తర్వాత కండిషనర్. బోరు నీళ్లయితే ఆఖరి చెంబులు వాటర్ క్యాన్ నీళ్లతో పోసుకోండి. వేళ్లతోనే చిక్కు తీయండి, తడి జుట్టుకు దువ్వెన పెట్టొద్దు.

కంట్లో పడితే ఆగకుండా పదిహేను నిమిషాలు నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కనుబొమ్మలకు, రెప్పలకు జుట్టు రంగు ఎప్పుడూ వాడొద్దు. మిగిలిన మిశ్రమాన్ని సీసాలో పోసి మూత బిగించి దాచకండి, గ్యాస్ పుట్టి సీసా పగులుతుంది. ఎక్కువ నీళ్లతో పారబోయండి.

టోనర్: నారింజను చల్లార్చడం

బ్లీచ్ ఒక్కటే చేసి వదిలేస్తే ఇత్తడి రంగులో ఉంటుంది. పసుపును ఊదా, నారింజను నీలం, ఎరుపును ఆకుపచ్చ తగ్గిస్తాయి. దీన్నిబట్టి ఎంచుకోవాలి. జుట్టు నారింజలో ఉండగా ఊదా షాంపూతో ఎంత రుద్దినా ప్రయోజనం ఉండదు, నీలం కావాలి. ఇంకో పొరపాటు: 9, 10 నంబరు టోనర్ తెచ్చి 6, 7 దగ్గరున్న జుట్టుకు వేయడం. ఏమీ జరగదు. నారింజ దశలో 6.1 లేదా 7.1 లాంటి యాష్ డెమీ రంగును 10 వాల్యూమ్‌తో కలిపి, సగం ఆరిన జుట్టుకు వేయండి. అయిదు నిమిషాలకు ఒకసారి తుడిచి చూడండి. పది, ఇరవై నిమిషాల మధ్య కావలసిన ఛాయ వస్తుంది. తడిలో కొంచెం ముదురుగా కనపడుతుంది, కంగారు పడొద్దు. ఆరాక పగటి వెలుగులో చూసి తేల్చుకోండి. బాత్రూం బల్బు కింద ఏ రంగూ నిజంగా కనపడదు.

బాగా రాలేదా? ఇవి మాత్రం చేయకండి

అదేరోజు మళ్లీ బ్లీచ్ వేయకండి. రెండోసారి తప్పదనుకుంటే కొన్ని వారాలు ఆగి, తడి పాయ లాగి చూసి, అప్పుడు నిర్ణయించుకోండి.

కోపంతో నల్ల డై పూసేయకండి. బ్లీచ్ అయిన జుట్టులో ఎరుపు, బంగారు ఛాయలు బాగా తగ్గిపోతాయి. దాని మీద నేరుగా ముదురు రంగు వేస్తే ఆకుపచ్చగా, బూడిదగా తేలి, నాలుగు తలస్నానాలకే వెలిసిపోతుంది. ముందు రాగి ఛాయ నింపి, ఆ తర్వాత ముదురు రంగు వేయాలి. సెలూన్‌లో ఇది తెలిసినవాళ్లు చేస్తారు. ఒకసారి నల్ల డై పడ్డాక మళ్లీ లేత చేయడం వాళ్లకూ కష్టమే.

జుట్టు తెగిపోతుంటే ఏ మాస్కూ అతికించలేదు. ఆ మేరకు కత్తిరించుకోవడమే మార్గం.

సెలూన్‌కి వెళ్లేవాళ్లు అడగాల్సినవి

తలంతా ఎందుకు ఇంట్లో వద్దన్నానో ఇక్కడ చెప్పాలి. మాడు వేడికి కుదుళ్ల దగ్గరి జుట్టు తొందరగా లేతబడుతుంది. అందరూ తొందరపడి కుదుళ్లకే ముందు పూస్తారు. కడిగాక పైన పసుపు, కింద నారింజ. తెలిసిన స్టైలిస్ట్ ముందు మధ్య భాగానికి, చివర్లకు వేసి, కుదుళ్లను చివరికి వదిలేస్తారు. పాయకో రకంగా డెవలపర్ మారుస్తారు. మీరు కట్టే డబ్బు ఈ పనితనానికే.

అందరికీ ఆ పనితనం ఉండదు. కుర్చీలో కూర్చోగానే ఇదివరకు ఏం పెట్టుకున్నారో అడిగి, ఒక పాయ మీద పరీక్ష చేసి చూసే మనిషిని నమ్మవచ్చు. నల్లటి జుట్టు చూసి "ఒక్క సిట్టింగ్‌లో ప్లాటినం చేసేస్తాం మేడమ్" అనేవాళ్ల దగ్గర లేచి వచ్చేయండి. మీరు కూడా పాత డై, హెన్నా సంగతి దాచకండి. సిగ్గుపడి దాస్తే నష్టం మీ జుట్టుకే.

ధర మొదటే తేల్చుకోండి. బోర్డు మీద హైలైట్స్ ధర ఒకటి ఉంటుంది. బిల్లు దగ్గరికి వచ్చేసరికి పొడవుకు ఎక్స్‌ట్రా, టోనర్‌కు ఎక్స్‌ట్రా, ప్లెక్స్ (బ్లీచ్ దెబ్బ తగ్గించే) ట్రీట్‌మెంట్‌కు ఎక్స్‌ట్రా, పైన జీఎస్టీ. "అన్నీ కలిపి ఎంత, ఎన్ని సిట్టింగ్‌లు, టచ్-అప్ ఎన్ని వారాలకు" అని అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి. ఫోటో చూపించేటప్పుడు అసలు జుట్టు నల్లగా ఉన్నవాళ్లదే చూపించండి.

అమెరికాలో ఉన్నవాళ్లు సెలూన్ బిల్లు, పైన టిప్పు చూసి ఇంట్లో మొదలుపెడతారు. అక్కడ కలర్ కరెక్షన్ (పాడైన రంగును సరిచేయించుకోవడం) ఇంకా ఖరీదు. మధ్యే మార్గం ఒకటుంది: బ్లీచ్ వరకు సెలూన్‌లో చేయించుకుని, ఆ తర్వాత టోనర్, పైరంగులు ఇంట్లో వేసుకోవడం. డబ్బు మిగులుతుంది, ప్రమాదమూ తక్కువే.

చేశాక

రెండు మూడు రోజులు షాంపూ వద్దు. ఆ తర్వాత సల్ఫేట్ లేని షాంపూ వారానికి రెండుసార్లు, ప్రతిసారీ కండిషనర్. ఆదివారం నూనె అంటి కుంకుడుకాయతో రుద్ది తలంటుకునే అలవాటుంటే టోనర్ తొందరగా వదులుతుంది, ఆ నెలకు మానుకోండి. స్ట్రెయిటెనర్ తగ్గించండి. ఈత కొలనులోకి దిగేముందు జుట్టును మంచినీళ్లతో తడిపి టోపీ పెట్టుకోండి. కొలను నీళ్లలో రాగి ఉంటే లేత జుట్టు ఆకుపచ్చగా మారుతుంది.

బ్లీచ్ అయిన జుట్టు ఏ రంగునైనా పీల్చేసుకుంటుంది. పెళ్లిలో నలుగు, మంగళస్నానం పసుపు, హోలీ రంగులు పడితే కడిగినా పోవు. అలాంటి రోజు ముందుగా జుట్టుకు కండిషనర్ దట్టంగా పట్టించి జడ వేసి, చివర్లను ముడిలో దాచి, పైన షవర్ క్యాప్ పెట్టుకోండి. పసుపు పోసే వదినలకు ముందే చెప్పి ఉంచండి, వినకపోయినా సరే.